సవరణ: ముందు నవ్వింది శారా కాదు

బైబిల్లో, ముసలితనంలో బిడ్డ పుడతాడన్న మాట విని శారా ఒక్కతే నవ్విందని, ఆమె భర్త అబ్రాహాము మారుమాట లేకుండా నమ్మాడని మొన్న రాశాను. అది తప్పు. ఆదికాండము 17వ అధ్యాయంలో ముందు నవ్వింది అబ్రాహామే. సాగిలపడి నవ్వి, 100 ఏళ్లవాడికి సంతానమా, 90 ఏళ్ల శారా కంటుందా అనుకున్నాడు. కొడుక్కి ఇస్సాకు అని, అంటే హీబ్రూలో ‘నవ్వుతాడు’ అని, దేవుడు పేరు చెప్పింది ఆ నవ్వు తర్వాతే.

శారా నవ్వు 18వ అధ్యాయంలోది. ఇంటికొచ్చిన అతిథుల కోసం మూడు మానికల పిండి పిసికి రొట్టెలు చేయమని భర్త పురమాయించాడు. శారాకు కొడుకు పుడతాడన్న మాట అక్కడ వస్తే, ఆమె వాళ్ల వెనక, గుడారపు వాకిట్లో ఉండి వింది. నవ్వింది కూడా తనలో తానే. అడిగితే భయపడి, నవ్వలేదంది. ఆ భయాన్ని పట్టించుకోకుండా ఆమెను అవిశ్వాసి అన్నాను. పెద్దావిడకు అన్యాయం చేశాను, క్షమించండి.

శారా తన దాసి హాగరును వెళ్లగొట్టించడం గురించి రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నాను.