రెండో పవర్ ఇన్‌పుట్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇండస్ట్రియల్ ఈథర్నెట్ స్విచ్ రెండో పవర్ ఇన్‌పుట్ గారికి, ప్యానెళ్ల మెయింటెనెన్స్ చూసుకునే ఉద్యోగి నమస్కరించి వ్రాయు విన్నపములు.

ప్యానెల్‌లో పరికరాలు తగిలించే 35 మిల్లీమీటర్ల డిన్ రైలు మీద కొలువుతీరి, యంత్రాల మధ్య డేటాను చేరవేసే స్విచ్ టెర్మినల్ బ్లాకులో, మొదటి ఇన్‌పుట్ వీ1 పక్కనే వీ2 అన్న పేరుతో తమరు దర్శనమిస్తుంటారు. మొదటి 24 వోల్టుల డీసీ సరఫరా పోయిన క్షణాన, యంత్రాలను నడిపే కంట్రోలరైన పీఎల్‌సీకీ, ఆపరేటర్ తెరకూ మధ్య సంబంధం తెగకుండా భారమంతా తమరే మోయాలన్నది తయారీదారు ఉద్దేశం. అందుకే చాలా స్విచ్‌లలో రెండు ఇన్‌పుట్లనూ లోపల డయోడ్లతో విడదీసి, వోల్టేజి ఎక్కువగా ఉన్న వైపు నుంచే కరెంటు తీసుకునే ఏర్పాటు చేస్తారు.

ఇంతటి తమరికి ప్యానెల్‌లో జరుగుతున్న సత్కారమేమిటంటే, వీ1 నుంచి వీ2కు వేసిన రెండంగుళాల జంపరు, అంటే ఒక వైరు ముక్క. ఆ ముక్కకు రెండు కొనలా పిన్ లగ్గులు క్రింప్ చేసి, వైరు గుర్తు తెలిపే ఫెర్రూల్ నంబర్లు సైతం తొడిగి, డ్రాయింగులో లేని అక్రమానికి డ్రాయింగుకు మించిన నీటు కల్పిస్తారు. వెనక ఉన్నది ఒకటే ఎస్‌ఎంపీఎస్ (24 వోల్టులిచ్చే పవర్ సప్లై), ఒకటే ఎంసీబీ (సర్క్యూట్ బ్రేకర్); ముందు మాత్రం పీ1, పీ2 దీపాలు రెండూ పచ్చగా వెలుగుతుంటాయి. తమరిని ఉత్సవ విగ్రహాన్ని చేశారని ఇంతకన్నా మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు. తమరిని ఖాళీగా వదిలేసినవారే నా దృష్టిలో నయం, ఎందుకంటే డిప్ స్విచ్ అనే చిన్న సెట్టింగు మీటతో అలారాన్ని నొక్కిపెట్టనంతవరకు ఫాల్ట్ దీపమైనా నిజం చెబుతుంది.

తమ పొరుగున ఉండే ఫాల్ట్ రిలే గారి సంగతి మరీ దయనీయం. అంతా సవ్యంగా ఉన్నంతసేపూ ఎనర్జైజ్ అయి ఉండి, సరఫరా పోగానే పడిపోయి కబురు చెప్పేలా ఆయనను సాధారణంగా రూపొందిస్తారు. ఆయన టెర్మినళ్లకు వైరు తగలడమే అరుదు. తగిలినా అది వెళ్లేది అదే ఎస్‌ఎంపీఎస్ మీద బతికే పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు కనుక, ఫిర్యాదు చేసేవారూ వినేవారూ ఒకేసారి కన్నుమూస్తారు.

ఎర్త్ స్క్రూకు పచ్చ-పసుపు వైరు బిగించరన్న బాధ వేరే ఉంది, దానికి వేరే లేఖ రాస్తాను. తమరి బాధ పంచుకోదగినది మాత్రం స్విచ్‌లను వలయంగా కలిపే రింగు నెట్‌వర్కు. ఐఈసీ 62439-2 ప్రమాణంలోని ఎంఆర్‌పీ పద్ధతి, 50 స్విచ్‌ల రింగులో ఒక కేబుల్ తెగితే 200 మిల్లీసెకన్లలోపు దారి మళ్లించగలదు. అయితే వెళ్లే ఫైబరునూ తిరిగొచ్చే ఫైబరునూ ఒకే ట్రేలో పక్కపక్కన పడుకోబెట్టి, రెండూ ఒకే దెబ్బకు తెగేలా చూసే బాధ్యతను మనవాళ్లు స్వయంగా తీసుకున్నారు.

కావున తమరికి వేరే ఎంసీబీ మీద, వీలైతే యూపీఎస్ నుంచి, సొంత ఎస్‌ఎంపీఎస్ దయచేయించవలసిందని పైవారికి నేను అర్జీ పెడుతున్నాను. తమరు చేయవలసిందల్లా, తనిఖీకి వచ్చి పచ్చదీపాలకు ఫొటో తీసి సంతకానికి పెన్ను తీసే పెద్దల చేత ముందుగా మొదటి ఎంసీబీని కిందికి దింపించడమే. ఆ తరువాత కూడా పోర్టుల దీపాలు మిణుకుమంటుంటే వారిని సంతకం చేయనివ్వండి.

ఇట్లు,
తమ జంపరు విప్పడానికి షట్‌డౌన్ పర్మిట్ కోసం ఎదురుచూస్తున్న
మెయింటెనెన్స్ ఉద్యోగి