ప్యాకెట్‌కు విచారణ ఒక్కసారే, ఫైల్‌కు మాత్రం ప్రతి టేబుల్ దగ్గర

ఊళ్లకు ఫైబర్ కేబుల్‌తోని ఇంటర్నెట్ తెచ్చే కేంద్రం స్కీమ్ భారత్‌నెట్, దాని కొత్త దశల రింగ్ పద్ధతిల (ఒక దిక్కు తెగినా ఇంకో దిక్కు నుంచి పోయేటట్టు) ఫైబర్ వేసుడు, బ్లాకుల్ల పంచాయతీల్ల రౌటర్లు (డేటాను దారి చూసి పంపే మిషన్లు) పెట్టి ఐపీ-ఎంపీఎల్ఎస్ నెట్‌వర్క్ నడుపుడు, 2023 ఆగస్టుల కేంద్ర కేబినెట్ ఓకే చేసిన 1.39 లక్షల కోట్ల ముచ్చట అందరికీ తెలిసిందే. ఎవర్ని కదిపినా ఎన్ని ఎంబీపీఎస్ వస్తది అనే అడుగుతున్నరు. నన్నడిగితే అసలు సరుకంతా ఆ ఎంపీఎల్ఎస్ అనే ముక్కలనే ఉంది. ఎంపీఎల్ఎస్ అంటే డేటాకు చీటీ అతికించి, ఆ చీటీ నంబర్ చూసే ముందుకు పంపే పద్ధతి, దాన్నే లేబుల్ స్విచింగ్ అంటరు.

నల్లగొండల ఏ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీస్ ముందైనా పది నిమిషాలు నిలబడి చూడుండ్రి. బుకింగ్ కాడ కూసున్నాయన అడ్రస్ మొత్తం చదివి బస్తా మీద లావు మార్కర్‌తోని ఒక గుర్తు రాస్తడు, ఇగ ఆన్నుంచి హమాలీకి అడ్రస్‌తో పనే లేదు, గుర్తు చూసి ఆ లారీల వేస్తడు. లేబుల్ స్విచింగ్ అచ్చం గిదే. మామూలు ఐపీల, అంటే ఇంటర్నెట్ అడ్రస్ చూసి నడిచే పద్ధతిల, ప్రతి రౌటరూ ప్యాకెట్ (డేటా ముక్క) అడ్రస్ చదివి, మొదటి నుంచి దానితో అన్నిటికంటే ఎక్కువ దూరం కలిసే రూట్ ఏదో తన టేబుల్ల ఎతుక్కోవాలె, ఇంటర్నెట్ మొత్తం మీద ఐపీవీ4 (పాత తరం అడ్రస్‌ల) రూట్లే 9 లక్షలు దాటినయ్. ఎంపీఎల్ఎస్‌ల ఆ ఎతుకులాట గడప కాడ, అంటే ప్యాకెట్ నెట్‌వర్క్‌ల అడుగుపెట్టే కాడ, ఒక్కసారే. గడప రౌటర్ 32 బిట్ల చీటీ తగిలిస్తది, అండ్ల 20 బిట్లు లేబుల్ నంబర్‌వి. నడిమి రౌటర్ 24 నంబర్ వచ్చిందా, దాన్ని తీసి 57 పెట్టి మూడో పోర్టుల పంపుతది, అంతే, లోపల ఏముందో తెరవదు. నంబర్ ప్రతి లింకుకు మారుతది, ఎందుకంటే నా దగ్గరికి పంపేటప్పుడు ఈ నంబర్ పెట్టు అని ముందున్న రౌటరే ఎనకున్నదానికి చెప్పి పెడ్తది.

ఇప్పటి చిప్పులు ఐపీ అడ్రస్‌నే రెప్పపాటుల ఎతుకుతున్నయ్, ఇంకా చీటీలెందుకు అనే ఇంజనీర్లున్నరు. స్పీడ్ వరకు వాళ్ల మాట నిజమే, కానీ చీటీతో వచ్చే లాభం దారి మీద పట్టు. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోయే కేబుల్‌ను చౌటుప్పల్ కాడ జేసీబీ తెంపిందనుకోండి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా ముందే కట్టి పెట్టిన పక్కదారి ఉంటే, తెగిన కాడున్న రౌటర్ పైన ఇంకో చీటీ అతికించి అటు మళ్లిస్తది, 50 మిల్లీసెకన్లల్ల అయిపోవాలనే లెక్కతోనే ఆ ఏర్పాటు చేస్తరు. ఎవర్నీ అడగదు, పై నుంచి ఆర్డర్ కోసం ఆగదు.

నాకు కడుపు మండేది ఈడనే. గడప కాడ ఒక్కసారి తేలిస్తే నడిమిట్లోళ్లందరూ ఆ తీర్పును నమ్మి ముందుకు పంపుడే పని అని మిషన్లకు నేర్పినం, అదే పద్ధతి మన ఆఫీసులకు ఎందుకు రాదు? ఊళ్లె ఎవరి చెల్క ఎంతో, గట్టు ఏడుందో తెలిసింది ఊరికే. పంచాయతీల రౌటర్ పెడ్తున్నం గానీ పంచాయతీకి తేల్చే పవర్ ఇస్తలేం. పొలం ముచ్చట ఊళ్లెనే గ్రామసభ ముందట తేలాలె, మండలం, డివిజన్, జిల్లా దాన్ని మోసుకపోవాలె, ఎవరికన్నా అభ్యంతరం ఉంటేనే మళ్ల తెరవాలె.

మా పెద్దనాయిన పాస్‌బుక్కుల 20 గుంటలు తక్కువ పడ్డది. ఫైల్ మూడు ఆఫీసులు తిరిగింది, మూడుకాడ్ల మొదటి పేజీ నుంచి చదివిర్రు, మూడుకాడ్ల అదే పహాణీ జిరాక్స్ అడిగిర్రు, మూడోసారి ఆయన పొద్దున ఆరింటి బస్సెక్కి పోయి ఇచ్చొచ్చిండు.