వెన్న లేని ఆల్ఫ్రెడోకు జేజేలు

ఫెటుచీనీ ఆల్ఫ్రెడో (రిబ్బన్లలాంటి పాస్తాలో వెన్న, చీజ్ కలిపే ఇటలీ వంటకం) అనే మహా ప్రమాదం నుంచి మానవజాతిని కాపాడే పని అమెరికా వంటిళ్ళలో జోరుగా సాగుతోంది. మనస్ఫూర్తిగా అభినందించాలి.

ముందు నిందితుడి పుట్టుపూర్వోత్తరాలు. 1908 ప్రాంతంలో రోమ్‌లో ఆల్ఫ్రెడో ది లెలియో అనే హోటలాయన భార్య ఇనెస్, కొడుకును కన్నాక నీరసించిపోయి ఏదీ సహించక ఇబ్బంది పడుతుంటే, ఆయన వేడివేడి పాస్తాలో వెన్న, తురిమిన పర్మేజాన్ చీజ్ కలిపి పెట్టాడట, ఆవిడ తిని తేరుకుందట. అంటే ఇది పుట్టడమే బాలింత పథ్యంగా పుట్టింది. ఇటలీలో ఇప్పటికీ కడుపు బాగాలేనివాళ్ళకి వెన్నో ఆలివ్ నూనో వేసిన తెల్ల పాస్తానే పెడతారు. రోగులు తినేదాన్ని ఆరోగ్యకరంగా మార్చకపోతే ఎలా మరి!

1920లో హాలీవుడ్ తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ హనీమూన్‌కి రోమ్ వెళ్ళి ఇది తిని మురిసిపోయారు, తర్వాత ఆయనకి బంగారు చెంచా, ఫోర్కు కానుకిచ్చారని చెబుతారు. అలా వంటకం సముద్రం దాటింది. దాటాక మూడంటే మూడు వస్తువుల వంటలోకి క్రీమ్ వచ్చింది, వెల్లుల్లి వచ్చింది, చిక్కదనానికి మైదా, పైన చికెన్, పక్కన వెన్న రాసిన బ్రెడ్డు. అన్నీ చేర్చి, అన్నీ తిని, అబ్బ ఎంత హెవీగా ఉందో అని పాస్తాని తిట్టారు.

అప్పుడు మొదలైంది సంస్కరణ. క్రీమ్ తీసేసి ఉడికించిన కాలీఫ్లవర్‌ని మిక్సీ పట్టారు. వెన్న పోయి గ్రీకు పెరుగు వచ్చింది. చీజ్ స్థానంలో పసుపు రంగులో ఉండే ఈస్ట్ పొడి. (కాలీఫ్లవర్ మంచిదే, కాదనను, దాన్ని కూరగా వండుకుంటే ఇంకా మంచిది.) ఆఖరికి పాస్తానే తీసేసి, దాదాపు 95 శాతం నీళ్ళే ఉండే జుకినీ అనే కూరగాయని దారాల్లా తురిమి, ఇదిగో మీ ఆల్ఫ్రెడో అన్నారు. నేతిబీరకాయని మనవాళ్ళు తరతరాలుగా అనవసరంగా ఆడిపోసుకున్నారు, పాపం అది కనీసం బీరకాయనని ఒప్పుకుంటుంది.

కొందరు ఛాందసులు మాత్రం అడ్డు తగులుతున్నారు. ఇటలీలో మనిషికి 80 గ్రాముల ఎండు పాస్తా వేస్తారని, కాస్త పలుకుగా ఉండగానే దించేస్తారని, అలా తింటే రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుందని, కాబట్టి వెన్నతోనే చేసుకుని కొంచెం తినొచ్చు కదా అని వాళ్ళ వాదన. వినకండి. కొంచెం తినమనే సలహాలో అమ్ముకోవడానికి ఏముంది? జుకినీ తిప్పే మిషను కొనక్కర్లేదు, ఈస్ట్ పొడి డబ్బా కొనక్కర్లేదు, ఎవరికీ రూపాయి లాభం లేదు. అయినా అమెరికాలో 454 గ్రాముల పాస్తా ప్యాకెట్ మీద 56 గ్రాముల చొప్పున ఎనిమిది మందికి అని వాళ్ళే రాస్తారు. ఆ ఎనిమిది మందిని మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఇక మిగిలింది పాస్తా ఉడికించే నీళ్ళు. ఇటలీలో లీటరుకి 10 గ్రాముల ఉప్పు వేయడం అలవాటు, దాన్ని వెంటనే ఆపించాలి. ఆ మాటకొస్తే జుకినీని ఉడికించే పనే లేదు కాబట్టి నీళ్ళు కూడా తీసేయొచ్చు, గిన్నె తీసేయొచ్చు, పొయ్యి తీసేయొచ్చు. పేరు మాత్రం తీయకండి, ఫొటో కింద రాసుకోవడానికి కావాలి.