ఆ అబద్ధం పెద్దలకు ముందే తెలుసు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమని సామెత. అవసరం కొద్దీ ఉత్తుత్తి పెళ్లి చేసుకునే జంటల రొమాంటిక్ కామెడీల్లో ఆ వెయ్యీ పిల్లలే ఆడేస్తారు. ఉద్యోగం కోసమో, వీసా కోసమో, అద్దె ఇంటి కోసమో కాగితం మీద మొగుడూ పెళ్లాలవుతారు. ఇంతలో తగుదునమ్మా అంటూ ఓ బామ్మ దిగుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే గది చూపిస్తుంది. తర్వాతేమవుతుందో మనకు తెలిసిందే.

ఇలాంటి సినిమా వచ్చినప్పుడల్లా వినపడే ఫిర్యాదు ఒకటే: చుట్టాల గోల ఎక్కువైంది, జంట మధ్య సీన్లు తగ్గాయి అని. నాకైతే ఆ గోలే సినిమా. అది తీసేస్తే మిగిలేది ఒక ఒప్పందం, గడువెప్పుడు తీరుతుందా అని చూసే ఇద్దరు మనుషులు.

మామూలు ప్రేమకథలో పెద్దల పని అడ్డుపడటం. ప్లాటస్, టెరెన్స్ రాసిన ప్రాచీన రోమన్ నాటకాల నుంచీ తండ్రులు చేస్తున్నది అదే. ఈ కథల్లో మాత్రం విడిపోదామనుకునేది పిల్లలు, విడిపోనివ్వనిది పెద్దలు. పక్కగదిలో ఎవరో చెవులు రిక్కించి ఉన్నారు కాబట్టి ప్రేమగా పిలుచుకోవాలి. పదిమందిలో పరీక్ష పెడతారు కాబట్టి ఎదుటి మనిషి ఇష్టాయిష్టాలు తెలుసుకోవాలి. నెల తిరిగేసరికి నటన అలవాటైపోతుంది.

1955 నాటి ‘మిస్సమ్మ’నే చూడండి. జమీందారుగారి బడిలో ఉద్యోగం భార్యాభర్తలకే ఇస్తారని ఎన్టీఆర్, సావిత్రి దంపతులుగా నటిస్తారు. కథ ముడి విప్పేది ఎవరు? వాళ్లు కాదు. డిటెక్టివ్‌నని ఫీలైపోతూ అందరి విషయాల్లో వేలు పెట్టే జమీందారు మేనల్లుడు, అంటే అక్కినేని. అతను కూపీ లాగకపోతే మేరీ, అంటే సావిత్రి, ఎవరి బిడ్డో చివరిదాకా తేలదు.

అయినా నన్ను అసలు పట్టేసింది వేరే సంగతి. ఈ కథల్లో పెద్దలు నిజంగా మోసపోవడం తక్కువ. ఆంగ్ లీ తీసిన ‘ది వెడ్డింగ్ బ్యాంకెట్’లో (1993) న్యూయార్క్‌లో ఉండే తైవాన్ యువకుడు తన ప్రియుడి సంగతి ఇంట్లో చెప్పలేక, గ్రీన్‌కార్డు కావాల్సిన అమ్మాయిని పెళ్లాడతాడు. అమ్మానాన్నలు విమానం దిగుతారు, గుట్టుగా కానిచ్చేద్దామనుకున్న పెళ్లి కాస్తా భారీ విందవుతుంది. చివరికి బయటపడేదేమిటంటే, తండ్రికి అంతా తెలుసు. కొడుకు నిజం ఒప్పుకుంటే తండ్రికి చెప్పొద్దంటుంది తల్లి. తనకు తెలుసన్న సంగతి ఎవరికీ చెప్పొద్దని కొడుకు ప్రియుడి దగ్గర మాట తీసుకుంటాడు తండ్రి. ‘ది ప్రపోజల్’లో (2009) బామ్మ ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఇంట్లోవాళ్ల గొడవ ఆపడానికి గుండెపోటు నటిస్తుంది! ఆ ఇంట్లో దొంగ పెళ్లికొడుకు, పెళ్లికూతురు కంటే బామ్మే మంచి నటి.

పెద్దల పెత్తనాన్ని ఇలా ముద్దుగా చూపిస్తే బయట జరిగే బలవంతాలకు రంగు వేసినట్టు కాదా అని అడగొచ్చు. నిజమే, అలా వేసే సినిమాలూ ఉన్నాయి. కానీ ‘బ్యాంకెట్’ తండ్రిది పెత్తనం కాదు. వంశం కావాలనే స్వార్థం ఉంది, కొడుకు పరువు కాపాడాలనే ప్రేమా ఉంది. రెండింటినీ విడదీయలేం. అందుకే ఆ పాత్ర గుర్తుండిపోతుంది.

ఇంట్లోవాళ్లు తలదూరిస్తే ఇంత చిరాకుపడే మనం, అదే పని ప్రభుత్వం చేస్తే చేతులు కట్టుకుని నిలబడతాం. వీసా కోసం దొంగ పెళ్లిళ్లు జరుగుతున్నాయని అమెరికా 1986లో ప్రత్యేక చట్టం తెచ్చింది. పెళ్లై రెండేళ్లు నిండనివారికి వచ్చేది షరతులతో కూడిన గ్రీన్‌కార్డే. మోసమని తేలితే ఐదేళ్ల వరకూ జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకూ జరిమానా. అనుమానం వస్తే ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టి ఆరా తీస్తారు. ఏ అత్తగారు అడుగుతుంది ఇన్ని ప్రశ్నలు?

పోనీ, ఆ ప్రశ్నలకు ప్రేమ దొరుకుతుందా? ‘గ్రీన్ కార్డ్’లో (1990) హీరో తన కాగితం పెళ్లాంతో నిజంగా ప్రేమలో పడ్డాకే ఇంటర్వ్యూకి వెళతాడు. ఆమె వాడే ఫేస్ క్రీమ్ పేరు దగ్గర తడబడి దొరికిపోతాడు. దేశం వదలాల్సి వస్తుంది. అధికారి చేతిలో ఉన్నది క్రీమ్ పేరు అడిగే ప్రశ్న. బామ్మకైతే ఆ పేరుతో పనే లేదు, అతను ఆమె వంక చూసే చూపు చాలు.

‘బ్యాంకెట్’ ఆఖరి షాట్ విమానాశ్రయంలో. అందరి రహస్యాలూ కడుపులో దాచుకున్న ఆ తండ్రి తిరుగు ప్రయాణంలో భద్రతా తనిఖీ దగ్గర ఆగుతాడు. మెల్లగా రెండు చేతులూ పైకెత్తుతాడు. సిబ్బంది ఒళ్లంతా తనిఖీ చేస్తారు.