నోవహు భార్యకు బెర్తు లేదు

మెట్టుగూడలో ఒక పాత ఇల్లు. మే నెల, రాత్రి ఎనిమిదిన్నర. పగలంతా తాగిన ఎండను గోడలు ఇప్పుడు తీరిగ్గా కక్కుతున్నాయి. హాలు మధ్యలో ఒక కత్తెర, గోధుమరంగు డబ్బా, గిన్నెలో ఉడికించిన మైదా జిగురు. ఆనందరావు గారు లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. గ్రేసమ్మ గారు ఇంతవరకు ఏ పని నుంచీ రిటైరు కాలేదు. చర్చిలో పిల్లలకు వీబీఎస్ మొదలై మూడు రోజులైంది. వీబీఎస్ అంటే సెలవుల్లో పిల్లలకు పాటలు, కథలు, రంగు కాగితాల పని, చివర్లో ఏదో ఒక తినుబండారం. పిల్లల లెక్కలో ఈ వరుస తలకిందులుగా ఉంటుంది. రేపటి కథ నోవహు ఓడ.

గ్రేసమ్మ: ఏమండీ, బీరువా వెనకాల ఉన్న ఫ్రిజ్ అట్టపెట్టె ఇటు తీసుకురండి.

ఆనందరావు: ఎందుకు?

గ్రేసమ్మ: ఓడ చేయాలి.

ఆనందరావు: కుదరదు. రేపు ఇల్లు మారాల్సివస్తే ఫ్రిజ్‌ను దేనిలో పెట్టి తీసుకెళ్తావు?

గ్రేసమ్మ: ఇది సొంత ఇల్లండీ. మామయ్య గారు కట్టించింది. ఎక్కడికి మారతాం?

ఆనందరావు: ఏమో, ఎవరు చెప్పగలరు?

గ్రేసమ్మ: నేను చెబుతాను. ఇక్కడి నుంచి మారితే నారాయణగూడ సమాధుల తోటకే. అక్కడికి ఫ్రిజ్‌ను రానివ్వరు.

ఆనందరావు: అసలు ఈ వీబీఎస్‌కు నా పేరు ఇచ్చింది ఎవరు? ఆదివారం పాస్టరు గారు "అల్పాహారం బాధ్యత ఆనందరావు గారిది" అని చదువుతుంటే నాకు గుండె ఆగినంత పనైంది.

గ్రేసమ్మ: అంతకు ముందు ఆదివారం ఆయన మిమ్మల్ని అడిగారు. మీరు తల ఊపారు.

ఆనందరావు: అది ప్రసంగం మధ్యలో వచ్చిన కునుకు!

గ్రేసమ్మ: కునుకుకు ఒకసారి ఊగుతుంది. మీది మూడుసార్లు ఊగింది. నేను పక్కనే ఉన్నాను.

ఆనందరావు: పక్కనే ఉండి లేపకూడదూ?

గ్రేసమ్మ: ఎందుకు లేపుతాను? నాకూ ఒక మనిషి కావాలి.

ఆనందరావు: ఈ బడి మొదలుపెట్టిన మహాతల్లిని అనాలి. 1898లో న్యూయార్కులో ఒకావిడ వీధిపిల్లలకు బైబిలు చెబుదామని బయలుదేరిందట. గది దొరకక బీరు అమ్మే హాలును అద్దెకు తీసుకుందట. ఆవిడ భర్త ఎంత నలిగిపోయి ఉంటాడో!

గ్రేసమ్మ: ఆవిడ అదృష్టవంతురాలు. ఆవిడకు బీరు హాలు మొత్తం దొరికింది. నాకు బీరువా వెనకాల అట్టపెట్టె కూడా దొరకడం లేదు.

(ఆనందరావు గారు లేస్తారు. పెట్టెను ఎంత నెమ్మదిగా బయటికి లాగుతున్నారంటే, ఆడపిల్లను అత్తారింటికి పంపుతున్నట్టుంది.)

గ్రేసమ్మ: అన్నట్టు, ఈరోజు సమోసాలు సరిపోయాయా? నేను పాట నేర్పిస్తూ చూడలేకపోయాను.

ఆనందరావు: సరిపోవడమా! మొదటి రోజు 34 మంది వచ్చారు. రెండో రోజు 51. చిన్న ఉల్లిపాయ సమోసాలు ఇస్తున్నారని తెలిసేసరికి ఈరోజు 83. నా దగ్గర ఉన్నవి 60. ప్రభువు ఐదు రొట్టెలు, రెండు చేపలు పంచితే పన్నెండు గంపలు మిగిలాయి. నేను పంచితే చొక్కా మీద చట్నీ మిగిలింది.

గ్రేసమ్మ: మరి ఎలా సర్దారు?

ఆనందరావు: సగాలు చేశాను.

గ్రేసమ్మ: సగాలే?

ఆనందరావు: సగాలే.

గ్రేసమ్మ: అయితే మీ చొక్కా జేబులో 230 రూపాయల చీటీ దేనిది?

ఆనందరావు: అది... కరెంటు బిల్లు.

గ్రేసమ్మ: కరెంటు బిల్లు మీద నూనె మరకలా?

ఆనందరావు: సగాలు చేయడం మొదలుపెట్టిన మాట నిజమే. రెండు సమోసాలు కోశానో లేదో, ఒక బుడతడు వచ్చి "ప్రభువు కూడా కత్తెరతో కోశాడా తాతా?" అన్నాడు. ఇక ఏం కోస్తాను? రోడ్డు దాటి వెళ్లి 23 తెచ్చాను.

గ్రేసమ్మ: మరి నాకు చెప్పలేదేం?

ఆనందరావు: చెబితే రేపటి నుంచి ఆ ఖర్చు కూడా నా ఖాతాలో రాస్తావు.

గ్రేసమ్మ: రాశాను. రేపు అరటిపండ్లు. 90 తీసుకోండి.

(పెట్టె నేల మీదికి వస్తుంది. ఆనందరావు గారు కళ్లజోడు సర్దుకుని, జేబులోంచి కొలత టేపు తీస్తారు. ఇంట్లో లుంగీ కట్టుకుని ఉన్నా ఆయన దగ్గర టేపు ఉంటుంది. ఎక్కడ పెట్టుకుంటారో అడగకూడదు.)

ఆనందరావు: చూశావా? 66 అంగుళాలు. అంటే ఐదడుగుల ఆరంగుళాలు. బ్రాడ్‌గేజి పట్టాల మధ్య దూరం సరిగ్గా ఇంతే! దైవసంకల్పం అంటే ఇదే.

గ్రేసమ్మ: కత్తెర ఇటివ్వండి.

ఆనందరావు: ఆగు. ఆదికాండం ఆరో అధ్యాయంలో కొలతలు ఇచ్చారు. పొడవు 300 మూరలు, వెడల్పు 50, ఎత్తు 30. మూరకు అడుగున్నర వేసుకుంటే 450 అడుగుల పొడవు. మా మెదక్ చర్చి పొడవు 200 అడుగులు. దాన్ని రెండుసార్లు పేర్చినా ఓడ ఇంకా బయటికి పొడుచుకొస్తుంది. మా తాత ఆ గుడి కట్టేటప్పుడు రాళ్లు మోశాడు, తెలుసా?

గ్రేసమ్మ: మీ తాత రాళ్లు మోశాడు. మీరు అట్టపెట్టె మోయడానికి అరగంట పట్టింది. కానివ్వండి.

ఆనందరావు: పొడవులో ఆరో వంతు వెడల్పు, పదో వంతు ఎత్తు. మన పెట్టె పొడవు 66. కాబట్టి వెడల్పు 11 అంగుళాలు, ఎత్తు ఆరున్నర మీద ఒక పిసరు.

గ్రేసమ్మ: అది ఓడ కాదండీ, అగరబత్తుల పెట్టె.

ఆనందరావు: వాక్యంలో ఉన్న కొలత!

గ్రేసమ్మ: వాక్యంలో చితిసారకపు మాను అని కూడా ఉంది. మీ దగ్గర ఉందా? లోపల, బయట కీలు పూయమని ఉంది. నా దగ్గర మైదా జిగురు ఉంది. ఇందులో పిల్లలు ఎక్కాలండీ! పిల్లలే జంతువులు. ఏనుగు ఎవరో తెలుసా? మందుల షాపు ఆయన మనవడు. 38 కిలోలు. ఆరున్నర అంగుళాల ఓడలో వాడి చెప్పు కూడా పట్టదు.

ఆనందరావు: మిగతా జంతువులు ఎవరు?

గ్రేసమ్మ: రమణమ్మ గారి మనవరాలు పులి. బొట్టు తీయనంటే తీయనంది. పులికి బొట్టు ఉండకూడదని ఎక్కడా రాయలేదు, అలాగే రమ్మన్నాను. వెనక వీధి ఇమ్రాన్ ఒంటె. వాడికి కథ ముందే తెలుసు. వాళ్ల ఇంట్లో నూహ్ నబీ అంటారట. నేను రెండు వాక్యాలు చెప్పేలోపు వాడు వరద దాకా వెళ్లిపోయాడు.

ఆనందరావు: అయితే వాడినే టీచర్‌ను చేయరాదూ?

గ్రేసమ్మ: చేసేదాన్నే. కానీ ఈరోజు కథ పరిచయం చేస్తుంటే ఒక పిల్ల లేచి నిలబడి "టీచర్, నోవహు భార్య పేరేమిటి?" అంది.

ఆనందరావు: ఏమని చెప్పావు?

గ్రేసమ్మ: ఏం చెబుతాను? బైబిల్లో ఆవిడ పేరు రాయలేదమ్మా అన్నాను. "పేరు లేకపోతే ఆధార్ కార్డు ఎలా ఇచ్చారు టీచర్?" అంది.

ఆనందరావు: (నవ్వుతూ) సరైన ప్రశ్నే.

గ్రేసమ్మ: నవ్వకండి. నాకు అప్పటి నుంచి కడుపులో ఒకటే మంట. నోవహు పేరు రాశారు. ముగ్గురు కొడుకుల పేర్లు రాశారు. ఓడ పొడవు, వెడల్పు, ఎత్తు, ఎన్ని అంతస్తులు, తలుపు ఎటు, అన్నీ అంగుళాలతో సహా రాశారు. నలభై రోజులు అందరికీ వండిపెట్టిన మనిషి పేరు మాత్రం రాయడానికి సిరా అయిపోయింది.

ఆనందరావు: అంగుళాలు కాదు, మూరలు. నలభై రోజులు వర్షం మాత్రమే. ఓడలో ఉన్నది ఏడాదికి పైనే.

గ్రేసమ్మ: ఏడాదా!

ఆనందరావు: లెక్క చూసుకో. ఆయనకు 600వ ఏట వరద మొదలైంది. 601వ ఏట నేల ఆరింది.

గ్రేసమ్మ: ఏడాది పైన. మూడంతస్తులు. ఒకే తలుపు. ముగ్గురు కోడళ్లు. పక్కన రోజూ కొలతలు చెప్పే మొగుడు. ఆవిడ పేరు ఎందుకు లేదో ఇప్పుడు తెలిసింది. అడిగితే చెప్పే ఓపిక కూడా ఉండి ఉండదు.

(కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. ఈ ఇంట్లో ఇది అరుదు కాబట్టి చెప్పాల్సి వచ్చింది.)

ఆనందరావు: సరే. ఓడ ఎలా కావాలి?

గ్రేసమ్మ: అడుగు భాగం తీసేయండి. పిల్లలు లోపల నిలబడి, రెండు పక్కలా పట్టుకుని నడుస్తారు. ఒకేసారి ఆరుగురు.

ఆనందరావు: ఆరుగురేనా? 83 మంది ఉన్నారు.

గ్రేసమ్మ: ఒక గుంపు దిగాక ఇంకో గుంపు ఎక్కుతుంది.

ఆనందరావు: అంటే... ట్రిప్పులు వేయాలన్నమాట.

గ్రేసమ్మ: అవును.

ఆనందరావు: చర్చి మెట్ల దగ్గర మొదలై, వేపచెట్టు చుట్టూ తిరిగి, బోరింగు దగ్గర ఆగి, మళ్లీ మెట్ల దగ్గరికి?

గ్రేసమ్మ: మీ ఇష్టం.

ఆనందరావు: 83ను ఆరుతో భాగిస్తే పద్నాలుగు ట్రిప్పులు. చివరి ట్రిప్పులో ఐదుగురు. ట్రిప్పుకు మూడు నిమిషాలు. ఎక్కి దిగడానికి ఒక నిమిషం. ఏనుగు ఉన్న ట్రిప్పుకు రెండు. ఇది ముందే చెప్పొచ్చు కదా గ్రేసూ! ఓడ అంటావేమిటి, ఇది బోగీ!

గ్రేసమ్మ: ఓడే. పిల్లల ముందు బోగీ అన్నారంటే ఊరుకోను.

(తర్వాత గంటన్నర సేపు ఆనందరావు గారు మంచినీళ్లు కూడా అడగలేదు. అట్ట చివరలు మడిచి ముందు భాగాన్ని కోణంగా చేశారు. పట్టుకునే చోట పిల్లల వేళ్లు కోసుకుపోకుండా పాత ధోవతి అంచు చుట్టి జిగురుతో అంటించారు. గోధుమరంగు రెండు పూతలు వేశారు. పక్కన తెల్ల రంగుతో, వర్క్‌షాపులో బోగీల మీద రాసిన ఆ పాత చేతిరాతతోనే, "కూర్చొను స్థలము 8" అని రాశారు. గ్రేసమ్మ గారు అది చూసి కూడా చూడనట్టు ఏనుగు చెవులు కత్తిరించుకుంటూ కూర్చున్నారు.)

గ్రేసమ్మ: అయిందా? పదకొండవుతోంది.

ఆనందరావు: ఒక్క పని మిగిలింది. తలుపు పక్కన రిజర్వేషన్ చార్టు అంటించాలి.

గ్రేసమ్మ: చార్టు ఏమిటండీ?

ఆనందరావు: చార్టు లేకుండా బండి కదలదు. ఇదిగో, రాస్తున్నాను. బెర్తు ఒకటి: నోవహు, పురుషుడు, 600. పాపం, సీనియర్ సిటిజన్ రాయితీని 2020లో ఆపేశారు. లేకపోతే ఈయనకు నూటికి నలభై తగ్గేది. రెండు: షేము. మూడు: హాము. నాలుగు: యాపెతు. కోడళ్లకు ఐదు, ఆరు, ఏడు. ఎనిమిది...

గ్రేసమ్మ: ఏం, ఆగారేం?

ఆనందరావు: పేరు లేకుండా చార్టు తయారవదు.

గ్రేసమ్మ: ఆర్ఏసీ అని రాయండి. ఏడాది పొడవునా ఎలాగూ కూర్చునే ఉండి ఉంటుంది.

(ఆనందరావు గారు జవాబివ్వరు. నాలుక పెదవి చివర పెట్టుకుని, గుండ్రటి అక్షరాలతో ఏదో రాసి, కాగితాన్ని జిగురుతో ఓడ తలుపు పక్కన అంటించి, అరచేత్తో ఒత్తుతారు. గ్రేసమ్మ గారు లేచి, కళ్లజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చి చదువుతారు.)

గ్రేసమ్మ: బెర్తు ఎనిమిది. గ్రేసమ్మ. స్త్రీ...

(చాలాసేపు ఆగుతారు.)

గ్రేసమ్మ: 61 ఎవరికండీ?

ఆనందరావు: నీకే. ఆధార్‌లో అంతే ఉంది.

గ్రేసమ్మ: ఆధార్‌లో తప్పు పడిందని పెళ్లయిన... కాదు, ఆ కార్డు వచ్చిన రోజు నుంచి చెబుతున్నాను. నాకు 58.

ఆనందరావు: 58 రాసినా లాభం లేదు. ఆడవాళ్లకు 58 నిండితే సీనియర్ సిటిజన్లే. అప్పట్లో సగం టికెట్టు ఉండేది. చెప్పాను కదా, ఇప్పుడు అదీ లేదు.

గ్రేసమ్మ: రాయితీ లేనప్పుడు ఆ వయసు నాకెందుకు? 57 రాయండి.