ఒహాయో విల్లిస్ గారు, కాలవ కట్ట మీది గుడిసె

"రాజకీయాల మీద సీరియలా? రోజూ న్యూస్‌లో చూసేది చాలదా సార్?" అని మా స్టాఫ్‌రూంలో అడుగుతుంటారు. పోయిన వేసవి సెలవుల్లో 'ది వెస్ట్ వింగ్' మూడోసారి మొదలుపెట్టానని తెలిసినప్పుడూ ఇదే మాట. అప్పుడు బెల్లు కొట్టారు, జవాబు చెప్పడానికి కుదరలేదు. ఇక్కడ చెబుతాను. పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

అమెరికా అధ్యక్షుడి ఆఫీసులో పనిచేసే సిబ్బంది కథ ఇది. 1999 నుంచి 2006 దాకా ఏడు సీజన్లు వచ్చింది. అధ్యక్షుడు బార్ట్‌లెట్‌గా మార్టిన్ షీన్ చేశాడు. మొదటి నాలుగు సీజన్లు రచయిత ఆరన్ సోర్కిన్ చేతిలో నడిచాయి. వరండాల్లో నడుస్తూ, ఫైళ్లు మార్చుకుంటూ అంత వేగంగా మాట్లాడుకుంటారు. మొదటిసారి చూసినప్పుడు సబ్‌టైటిల్స్ ఆపి ఆపి చదువుకున్నాను.

మన రాజకీయ సిరీస్‌లు తీసుకోండి. సూట్‌కేసులు, హత్యలు, తెల్లచొక్కాల వెనక కత్తులు. పది ఎపిసోడ్లయ్యాక మనకు మిగిలేది "అందరూ దొంగలే" అన్న ఒక్క మాట. కావలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతాను నేను. శాసనసభ పాఠం తెరిచేలోపే పద్నాలుగేళ్ల పిల్లలు ఆ మాట పట్టుకుని సిద్ధంగా ఉంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. దొంగలు లేరని అనను. కానీ చట్టం అంటే ఎవరో కూర్చుని రాయాలి, ఎవరో చదవాలి, ఎవరో ఎదురు ప్రశ్న వేయాలి. ఆ పనిని ఇంత ఇష్టంగా చూపించింది ఈ సీరియలే.

మొదటి సీజన్ ఆరో ఎపిసోడ్ చూడండి చాలు. విల్లిస్ అని ఒక నల్లజాతి పెద్దమనిషి. ఒహాయో రాష్ట్రంలో ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పే మాస్టారు. కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యురాలైన భార్య చనిపోతే, మిగిలిన కాలానికి ఆమె సీట్లో కూర్చున్నాడు. జనాభా లెక్కల మీద గొడవ నడుస్తోంది. ఇంటింటికీ తిరిగి తలలు లెక్కపెడితే పేదవాళ్లు, ఇల్లు లేనివాళ్లు తప్పిపోతున్నారు కాబట్టి కొందరిని లెక్కపెట్టి మిగతాది అంచనా కట్టే శాంపిల్ పద్ధతి కూడా వాడాలని వైట్‌హౌస్ వాదన. రాజ్యాంగం తలలే లెక్కపెట్టమంది కదా అని అవతలివాళ్లు. అప్పుడు అధ్యక్షుడి సిబ్బందిలో ఒకడైన టోబీ అదే రాజ్యాంగంలో అసలు ఏం రాసి ఉందో బయటికి తీస్తాడు: బానిసలను అయిదింట మూడు వంతుల మనుషులుగా లెక్కగట్టమన్న వాక్యం. 1787లో రాసిన వాక్యం. విల్లిస్ ఆ గదిలోనే ఉన్నాడు. ఎవరూ గొంతు పెంచరు. ఆయన మొత్తం విని, నీ వాదన సబబుగానే ఉందని మనసు మార్చుకుంటాడు. బేరం లేదు, బెదిరింపు లేదు. టోబీకే నమ్మకం కలగదు.

ఆ సీన్ దగ్గర ప్రతిసారీ ఆపేస్తాను. ఎందుకంటే 2011 ఫిబ్రవరిలో జనాభా లెక్కలకు నేనూ తిరిగాను. నా బ్లాకులో కాలవ కట్ట మీద అయిదు యానాది గుడిసెలు ఉండేవి. మూడో గుడిసె తడికెకు ఎప్పుడు చూసినా తీగ చుట్టే ఉండేది. "రొయ్యల గుంటల కాపలాకు పోయినారు సార్, ఎప్పుడొస్తారో తెలీదు" అన్నారు పక్కవాళ్లు. రెండుసార్లు తిరిగొచ్చాను. మూడోసారి చీకటి పడే వేళకు పోతే పొయ్యి దగ్గర ఒకామె ఉంది. ఫారం చూసి, "మమ్మల్ని కూడా రాసుకుంటారా సార్?" అని అడిగింది. మొగుడి వయసెంతని అడిగితే, "మీరే చూసి ఎంతో ఒకటి రాయండి" అంది. టార్చి సెల్లు అయిపోవచ్చింది. ఆ వెలుతురులోనే నలుగురి పేర్లు రాసుకున్నాను. ఆ రోజు విసుగుపుట్టి బండి తిప్పేసి ఉంటే ఆ నలుగురూ దేశ జనాభా 121 కోట్లలో లేరు. రేషన్ కార్డుల లెక్కలోనూ లేరు.

శాంపిల్ పద్ధతి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నిజానికి ఆ ఎపిసోడ్ వచ్చిన 1999లోనే, జనవరిలో, రాష్ట్రాలకు కాంగ్రెస్ సీట్ల పంపకానికి శాంపిల్ లెక్కలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నాకు ముఖ్యమైంది ఇంకోటి. జనాభా లెక్కలంటే ఆవులించే విషయం కదా, దాని మీద ఒక ఎపిసోడ్ కట్టి, నా బోటి సోషల్ మాస్టారిని మధ్యలో కూర్చోబెట్టారు.

రెండో సీజన్లో ఇంకొకటుంది. స్టాక్‌హౌస్ అనే ముసలి సెనేటర్ బిల్లును ఆపడానికి గంటల తరబడి నిలబడి మాట్లాడుతుంటాడు. కూర్చుంటే అయిపోయినట్టే. వంటల పుస్తకం కూడా చదివేస్తుంటాడు. చాదస్తం అనుకుంటారు అందరూ. చివరికి వైట్‌హౌస్ సిబ్బందిలోని డోనా కనిపెడుతుంది: ఆయన మనవడికి ఆటిజం, బిల్లులో దానికి డబ్బు చేర్చాలని ఈ పాట్లు. సభ్యులెవరైనా ప్రశ్న అడిగితే ఆయన కాస్త ఊపిరి తీసుకోవచ్చు, నియమం ఒప్పుకుంటుంది. అంతే, మనవళ్లున్న సెనేటర్లకు ఒక్కొక్కరికీ ఫోన్లు వెళతాయి. ఒక తాత కోసం తాతలు లేచి నిలబడతారు. మా ఇంట్లో దీన్ని నా భార్యకు తెలుగులో చెబుతూ చూపించాను. ఇద్దరం ఏడ్చేశాం.

సోర్కిన్ వెళ్లిపోయాక అయిదో సీజన్ నీరసపడింది, ఒప్పుకుంటాను. చివర్లో మళ్లీ పుంజుకుంది. అధ్యక్షుడి ప్రధాన సహాయకుడు లియోగా చేసిన జాన్ స్పెన్సర్ 2005 డిసెంబర్‌లో చనిపోయాడు. ఆ తర్వాతి ఎపిసోడ్లు చూస్తుంటే ఇంట్లో మనిషి పోయినట్టే ఉంటుంది.

విల్లిస్ ఎపిసోడ్ చివర రాత్రి పూట టీవీలో ఓటింగ్ నడుస్తుంటుంది. ఒక్కొక్క పేరే పిలుస్తారు. ఒహాయో విల్లిస్ గారి పేరు వచ్చేసరికి టోబీ చెవి అటే ఉంటుంది.

2027 ఫిబ్రవరిలో మళ్లీ జనాభా లెక్కలు. ఈసారి ఫోన్‌లోనే ఎక్కించాలట. డ్యూటీ పడితే మొదట కాలవ కట్టకే పోతాను, వాళ్లు గుంటల దగ్గరికి బయలుదేరకముందే.