ఆకుపచ్చ చొక్కా బంగారు రంగు ఎలా అయింది?

చెన్నై వడపళనిలో మా ఇంట్లో అప్పట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. 1980ల మధ్యలో దూరదర్శన్‌లో ఆదివారం పూట స్టార్ ట్రెక్ అనే అమెరికన్ సీరియల్ వచ్చేది, అంతరిక్ష నౌకలో తిరిగేవాళ్ల కథ. నౌక కెప్టెన్ కిర్క్ చొక్కా, అతని సహచరుడు స్పాక్ చొక్కా మాకు రెండూ బూడిద రంగే. ఒకటి కాస్త లేత, ఒకటి కాస్త ముదురు. అయినా ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న విషయంలో మాకెప్పుడూ తికమక రాలేదు. చేతి అంచున మెరిసే పట్టీలు లెక్కపెట్టి మా అన్నయ్య చెప్పేసేవాడు. ఆ నౌకలో ఎవరేం పని చేస్తారో చొక్కా రంగు చూసి చెప్పొచ్చన్న సంగతి, ఇంటికి కలర్ టీవీ వచ్చాకే తెలిసింది. అమెరికాలో కూడా 1966 సెప్టెంబరు 8న ఆ సీరియల్ మొదలైనప్పుడు ఎక్కువ ఇళ్లలో ఉన్నవి బ్లాక్ అండ్ వైట్ టీవీలే. రంగు కనపడకపోయినా హోదా కనపడేలా ఆ పట్టీలు పనిచేశాయి.

కలర్‌లో చూశాక కెప్టెన్ చొక్కా బంగారు రంగని గట్టిగా నమ్మాను. చాలామంది ఇప్పటికీ అదే నమ్ముతారు. నిజానికి ఆ గుడ్డ లేత ఆకుపచ్చ.

దుస్తుల డిజైనర్ విలియం వేర్ థైస్ కెప్టెన్ కోసం ఎంచుకున్నది ఆకుపచ్చ వెలూర్ గుడ్డ. మన మఖమల్ లాగే నూగు ఉండే రకం. స్టూడియో లైట్ల కింద, అప్పటి ఫిల్ము మీద అది పసుపుగా, బంగారంలా పడింది. కొన్ని ఎపిసోడ్లలో కిర్క్ ముందు వైపు అడ్డంగా మడిచి కట్టుకునే ఇంకో చొక్కా వేసుకుంటాడు. రంగు అదే, గుడ్డ వేరు. అది మాత్రం ఆకుపచ్చగానే కనిపిస్తుంది. దానికేదో ప్రత్యేక హోదా ఉందని అనుకునేవాళ్లున్నారు. అలాంటిదేమీ లేదు, తేడా అంతా గుడ్డలోనే ఉంది.

ఈ సంగతి నాకు నిజంగా అర్థమైంది ఈ మధ్యనే, మా వీధిలో సినిమా డ్రెస్సులు కుట్టే ఒక మాస్టారి దగ్గర. తెనాలి నుంచి వచ్చి, తెలుగు సినిమా కోడంబాక్కంలో ఉన్న రోజుల నుంచీ ఇక్కడే స్థిరపడిన మనిషి. ఫోన్లో కిర్క్ ఫొటోలు రెండూ చూపించాను. ఆయన ఏమీ అనకుండా అలమర్లోంచి ఒక మఖమల్ ముక్క తీసి ట్యూబ్‌లైటు కింద పరిచారు. అరచేత్తో పైకి నిమిరితే ముదురు రంగు, కిందికి నిమిరితే లేత రంగు. వేళ్లు పోయినచోటల్లా చారలు. "చూశావా బాబూ, దీనికి ఒక రంగంటూ ఉండదు. లైటు ఎటు పడితే అటు మారుతుంది. అందుకే కెమెరా ముందు పెట్టి చూడకుండా నేను కత్తెర వెయ్యను" అన్నారు.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. స్టార్ ట్రెక్ తొలి రోజుల దుస్తుల్లో ఈనాటికీ నిలబడ్డవి చాలావరకు గుడ్డతో, లైటుతో, డబ్బుతో పడ్డ ఇబ్బందుల్లోంచి పుట్టాయి. వయసైపోయినట్టు కనిపించేవి ఆ ఏడాది ఫ్యాషన్ నుంచి అరువు తెచ్చుకున్నవి. భవిష్యత్తును ముందే ఊహించి ఆ బట్టలు కుట్టారని పొగిడేవాళ్లు ఈ తేడాను గమనించడం లేదు.

రంగుల సంగతే తీసుకోండి. మొదటి పైలట్ ఎపిసోడ్, అంటే సీరియల్‌కి ముందు నమూనాగా తీసేది, 1964 చివర్లో తీశారు. అందులో చొక్కాలు వెలిసిపోయినట్టుండే రంగుల్లో, మెడ దగ్గర దళసరి పట్టీతో ఉంటాయి. ఎరుపు అసలు లేదు. సీరియల్‌గా మొదలయ్యేసరికి బంగారం, నీలం, ఎరుపు ఒక్కసారిగా వెలిగిపోయాయి. సీరియల్‌ని ప్రసారం చేసిన ఎన్‌బీసీకి యజమాని ఆర్‌సీఏ కంపెనీ, కలర్ టీవీలు తయారుచేసి అమ్మేది ఆ కంపెనీయే. తెర మీద రంగు కళ్లు చెదిరేలా ఉండటం వాళ్ల వ్యాపారానికి అవసరం. ఆ అవసరాన్ని థైస్ కథకు పనికొచ్చేలా మలిచాడు. నడిపేవాళ్లకు ఒక రంగు, సైన్సు, వైద్యం వాళ్లకు ఒకటి, ఇంజన్లు, కాపలా చూసేవాళ్లకు ఒకటి. ఒక్క మాట చెప్పకుండా ప్రేక్షకుడికి అంతా తెలిసిపోతుంది. నా దృష్టిలో ఆ సీరియల్‌లో జరిగిన గొప్ప పనుల్లో ఇదొకటి.

అసలు రంగు అప్పట్లో డిజైనర్ చేతిలో ఉండేది కాదు. ఆ మొదటి పైలట్‌లోనే ఒంటి నిండా ఆకుపచ్చగా ఉండే పాత్ర ఒకటుంది. మేకప్ టెస్ట్ తీసి ల్యాబ్‌కు పంపితే, ప్రింట్‌లో ఒంటి రంగు మామూలుగా వచ్చింది. ఇంకా పచ్చగా పూసి మళ్లీ పంపారు. మళ్లీ మామూలుగానే వచ్చింది. ల్యాబ్‌లో వాళ్లు అది తప్పుగా పడిన రంగు అనుకుని శ్రద్ధగా సరిచేసి పంపుతున్నారట! కిర్క్ చొక్కా కథ దీనికి తిరగేసినట్టుంటుంది. అక్కడ తప్పును ఎవరూ దిద్దలేదు, అదే స్థిరపడిపోయింది. 2009లో కొత్త నటులతో సినిమా తీసినప్పుడు కెప్టెన్ చొక్కాను బంగారు రంగు గుడ్డతోనే కుట్టారు.

వెలూర్‌తో ఇంకో టెన్షన్ ఉండేది. శుభ్రం చేయించిన ప్రతిసారీ చొక్కా కొంచెం కుంచించుకుపోయేది. ఈ మాట చెప్పగానే మాస్టారు తల పంకించారు. అందుకే తాము కుట్ల లోపల అంగుళం గుడ్డ వదులుతామని, హీరో ఒళ్లు పెరిగినా, గుడ్డ తగ్గినా విప్పి సర్దుకోవచ్చని అన్నారు. రోజూ అదే చొక్కా, వారాల తరబడి షూటింగు అంటే ఆ అంగుళం ఎన్నాళ్లొస్తుంది? 1968లో మూడో సీజన్‌కి వెలూర్ వదిలేసి ఉతుక్కి తట్టుకునే నైలాన్ అల్లిక గుడ్డకు మారారు. పని సులువైంది. కానీ ఆ మెత్తదనం, మడతల్లో వెలుగునీడల ఆట పోయాయి. మూడో సీజన్ చొక్కాలు నాకు బోసిగా కనిపిస్తాయి.

డబ్బు ఇబ్బంది మంచి ఊహకు దారితీసిన చోటు కూడా ఉంది. 1966 డిసెంబరులో వచ్చిన 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' ఎపిసోడ్‌లో రోమ్యులన్ జాతి మొదటిసారి కనిపిస్తుంది. వాళ్లకూ స్పాక్ లాంటి మొనదేలిన చెవులే. అంతమందికీ చెవులు అతికించాలంటే డబ్బు, సమయం రెండూ లేవు. అందుకని మామూలు సైనికులందరికీ చెవులు కప్పే శిరస్త్రాణాలు పెట్టేశారు. దాంతో వాళ్లకు పాత రోమన్ సైన్యపు కళ వచ్చింది, జాతి పేరుకు తగ్గట్టు. అవే శిరస్త్రాణాలు మరుసటి ఏడు స్పాక్ సొంత గ్రహం కథలో మళ్లీ కనిపిస్తాయి.

ఇక మినీ స్కర్టులు. పైలట్లలో ఆడవాళ్లు మగవాళ్లలాగే ప్యాంటు వేసుకున్నారు. సీరియల్ మొదలయ్యేసరికి ఆ ప్యాంట్లు పోయి పొట్టి గౌన్లు వచ్చాయి. ఆ రోజుల్లో మినీ స్కర్టు స్వేచ్ఛకు గుర్తని, తమకది నచ్చిందని నటీమణులు నిచెల్ నికోల్స్, గ్రేస్ లీ విట్నీ తర్వాత చెప్పారు. వాళ్ల మాటను నేను గౌరవిస్తాను. అయినా నౌక కుదుపుకి అందరూ కుర్చీల్లోంచి దొర్లిపడే సీన్లు చూడండి. ఆ గౌను పని చేసేవాళ్ల కోసం కుట్టింది కాదని తెలిసిపోతుంది. మూడు వందల ఏళ్ల తర్వాతి కథలో 1966 నాటి బజారు కనిపించే చోటు అదే. పైలట్‌లో ఉన్న ప్యాంటును అలాగే ఉంచి ఉంటే ఇవాళ ఈ చర్చే ఉండేది కాదు.

పెద్ద వింత ఏమిటంటే, వెలూర్‌తో అంత అనుభవం ఉన్న థైస్ 1987లో మొదలైన స్టార్ ట్రెక్ కొత్త సీరియల్‌కి మళ్లీ గుడ్డ దగ్గరే ఇబ్బంది పడ్డాడు. ఒంటికి అతుక్కునే స్పాండెక్స్ సూట్లు కుట్టాడు. తెర మీద నున్నగా కనిపించాయి గానీ, రోజంతా ఒంటిని లాగిపట్టి ఉంచడంతో నటులకు వెన్నునొప్పులు పట్టుకున్నాయి. మూడో సీజన్‌కి రాబర్ట్ బ్లాక్‌మన్ వచ్చి ఉన్నితో పైచొక్కా, ప్యాంటు విడివిడిగా కుట్టేదాకా ఆ బాధ తప్పలేదు. థైస్ మీద నాకు గౌరవం తగ్గలేదు. ఆ కొత్త సీరియల్ మొదటి సీజన్‌లో ఒక ఎపిసోడ్ దుస్తులకు ఆయన అమెరికా టీవీ రంగపు ఎమ్మీ అవార్డు కూడా అందుకున్నాడు. కాకపోతే అది 1940ల నాటి అమెరికా నగరం నేపథ్యంగా సాగే కథ.

మన సినిమాల్లో భవిష్యత్తు అనగానే భుజాల మీద కవచాలు, ఛాతీ మీద లైట్లు, నడుముకు నాలుగు బెల్టులు వచ్చి చేరుతున్నాయి. థైస్ 1966లో తీసేసుకుంటూ పోయాడు. కాలరు లేదు, గుండీలు లేవు, జేబులు లేవు. రేపటి మనిషి బట్టలు ఎలా తొడుక్కుంటాడో చూసేవాడికి అంతుపట్టకూడదు. చూడ్డానికి తేలికే, కుట్టేవాడికి మాత్రం అదే కష్టం. తప్పు కుట్టును కప్పడానికి గుండీ గానీ పట్టీ గానీ ఉండదు.

ఇదంతా నేను చెప్పకముందే మాస్టారు ఫోన్ చేతిలోకి తీసుకుని, కిర్క్ మెడ దగ్గర వేళ్లతో పెద్దది చేసి చూశారు. మెడ నుంచి చంక దాకా ఏటవాలుగా దిగే కుట్టు మీద గోరు ఆనించారు.

"జిప్పు ఇక్కడ దాచాడు" అన్నారు. "ఎడమ వైపు. కుడి వైపు కుట్టుతో పోల్చి చూడు, ఇది రవ్వంత దళసరిగా ఉంది."